పొడి దగ్గు వస్తే గుండె మందుల డబ్బా తెరవండి

గుండె జబ్బున్న ఇంట్లో మందుల డబ్బా అంటే చాలాసార్లు పాత స్వీటు డబ్బానే. బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమ లంక ఊళ్లలోనైనా దాని మూత తీస్తే కనబడేవి సగం సగం కత్తిరించిన షీట్లు. నెలకు సరిపడా మందులు ఒకేసారి కొనలేనివాళ్లు వారానికో, పది రోజులకో కొంటారు. షాపతను కత్తెరతో షీటు కోసి, కావలసినన్ని బిళ్లలు కాగితం కవర్లో వేసి ఇస్తాడు. మందు పేరు, మోతాదు అచ్చేసిన ముక్క ఒక్కోసారి షాపులోనే మిగిలిపోతుంది. ఇంటికొచ్చిన ముక్క మీద వెండి రంగు రేకు తప్ప అక్షరం ఉండదు. పొద్దున తెల్లబిళ్ల, రాత్రి సగం బిళ్ల అనే లెక్కతోనే ఏళ్లు గడిచిపోతాయి.

ఆ తెల్లబిళ్లల్లో ఒకటి అమియోడరోన్ అయితే మాత్రం ఆ పేరు ఇంట్లో అందరికీ నోటికి రావాలి. కార్డరోన్ అనే బ్రాండు పేరుతో చాలామంది ఎరిగిన మందు ఇది. గుండె లయ తప్పి, గజిబిజిగానో మరీ వేగంగానో కొట్టుకుంటున్నప్పుడు దాన్ని దారిలో పెట్టడానికి ఇస్తారు. గుండె కండరం బలం తగ్గినవారికి లయను సరిచేసే మందులు చాలావరకు పనికిరావు, ఇది పనికొస్తుంది. మన దేశపు అత్యవసర మందుల జాబితాలోనూ ఇది ఉంది. ప్రాణం నిలబెట్టే ఈ మందే కొందరి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇప్పుడు వాడుతున్న మోతాదుల్లో వందమందిలో ఒకరి నుంచి ఐదుగురి దాకా ఈ ఇబ్బంది రావచ్చని అంచనా. తొందరగా పసిగడితే ఎక్కువమంది కోలుకుంటారు, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఆలస్యానికి ఒక కారణం మన రోడ్డు మ్యాపులోనే ఉంది. పుణె నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, విజయవాడ దాటి బందరులో ఆగిపోతుంది. కింది కృష్ణా డెల్టా జనం గుండె వైద్యానికి అదే దారి పట్టి విజయవాడ వెళ్తారు, లేకపోతే గుంటూరుకో మంగళగిరి ఎయిమ్స్‌కో పోతారు. అమియోడరోన్ రాసేది అక్కడి గుండె డాక్టరు. ఏడాది తర్వాత దగ్గు వస్తే చూపించుకునేది మాత్రం సొంత ఊరి ఆర్‌ఎంపీ దగ్గర, లేదా అవనిగడ్డలోనో గుడివాడలోనో ఉన్న డాక్టరు దగ్గర. మందు రాసినాయన దగ్గు వినలేదు, దగ్గు విన్నాయనకు మందు సంగతి తెలియదు. ఇద్దరూ తమ పని సరిగ్గానే చేసినా మధ్యలో ఉన్న మనిషి దెబ్బతినిపోవచ్చు. ఆ ఇద్దరికీ మధ్య సమాచారం మోయగలిగింది రోగి, రోగి ఇంటివాళ్లు మాత్రమే. ఈ అధ్యాయం వాళ్ల కోసం.

ముందు మందు చరిత్ర కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే దాని గుణం ఆ చరిత్రలోనే ఉంది. 1961లో బెల్జియంలోని లాబాజ్ కంపెనీ దీన్ని తయారుచేసింది. అప్పుడు ఉద్దేశం వేరు. గుండె నొప్పికి, అంటే యాంజైనాకు మందుగా తెచ్చారు. 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో, ఫిజీలో పుట్టిన భారత సంతతి వైద్యుడు బ్రమా సింగ్ తన గురువు వాన్ విలియమ్స్‌తో కలిసి దీనికి లయను సరిచేసే గుణం ఉందని చూపించాడు. ఆ తర్వాత అర్జెంటీనాలో మారిసియో రోసెన్‌బామ్ బృందం రోగుల మీద దాని ఫలితాలను ప్రపంచానికి చెప్పింది. అప్పటిదాకా ఏ మందుకూ లొంగని గుండెలు దీనికి లొంగాయి. ఆ ఉత్సాహంలో చాలాచోట్ల రోజుకు 400, 600 మిల్లీగ్రాములు, ఇంకా ఎక్కువ కూడా నెలల తరబడి ఇచ్చారు. 1980లో ఊపిరితిత్తుల దెబ్బ మీద మొదటి నివేదికలు వచ్చాయి. 1985 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. ఈనాటికీ అక్కడి కరపత్రంలో ఊపిరితిత్తులకు ముప్పు అన్న హెచ్చరిక గడి గీసి మరీ అచ్చవుతోంది. పెద్ద మోతాదులు వాడిన ఆ రోజుల్లో కొన్నిచోట్ల వందలో పదిమందికి పైనే ఊపిరితిత్తుల జబ్బు పాలయ్యారని, వారిలో పదో వంతు మంది చనిపోయారని ఆ కరపత్రమే చెబుతుంది. మోతాదు తగ్గాక ముప్పు తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఊపిరితిత్తుల్లో జరిగేది ఇది. అమియోడరోన్ కొవ్వులో ఇట్టే కరిగిపోయే పదార్థం. రక్తంలో నిలవదు. కొవ్వులో, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో చేరి తిష్ఠ వేస్తుంది. ఊపిరితిత్తుల కణాల్లో పాత కొవ్వు పదార్థాలను విరగ్గొట్టి పంపేసే ఎంజైములుంటాయి. ఈ మందు వాటి పనికి అడ్డుపడుతుంది. దాంతో ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులు కణాల్లోనే పేరుకుంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ కణాలు నురగతో నిండినట్టు కనిపిస్తాయి. ఇలాంటి కణాలు మందు వాడే చాలామందిలో ఉంటాయి, అందరికీ జబ్బు రాదు. కొందరిలో మాత్రం వాపు మొదలై, శరీర రక్షణ వ్యవస్థ కూడా తోడై, గాలి తిత్తుల గోడలు మందమెక్కుతాయి. అలాగే వదిలేస్తే గట్టిపడి మచ్చ కడతాయి. మచ్చ కట్టిన చోట మళ్లీ మెత్తని ఊపిరితిత్తి రాదు. అందుకే నెలలు కాదు, వారాలు కూడా లెక్కే.

మందు ఒంట్లోంచి పోవడానికి పట్టే కాలం మరో చిక్కు. బిళ్ల ఆపిన తర్వాత ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికే సగటున రెండు నెలలు పడుతుంది. మిగిలిన సగంలో సగం పోవడానికి ఇంకో రెండు నెలలు. కాబట్టి మందు మానేసి కొన్ని వారాలైందంటే దగ్గుకూ దానికీ సంబంధం లేదని తీసిపారేయడానికి వీల్లేదు. డాక్టరు అడిగినప్పుడు ఇప్పుడు వాడుతున్న మందులే కాదు, గడిచిన ఏడాదిలో వాడి మానేసినవి కూడా చెప్పాలి.

నాగాయలంక వైపు అరవై అయిదేళ్ల రైతు ఒకాయన ఉన్నాడనుకుందాం. ఎనిమిది నెలలుగా అమియోడరోన్ వాడుతున్నాడు. ముందు పొడి దగ్గు మొదలవుతుంది, కళ్లె పడదు. చలి పట్టిందనుకుంటారు. తర్వాత రొయ్యల చెరువు గట్టు చుట్టి వచ్చేసరికి ఆయాసం. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతుంది. నాలుగైదు కిలోలు తగ్గుతాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఎక్స్‌రేలో తెల్లని నీడలు కనిపిస్తాయి. మామూలుగా ఎవరికైనా మొదట తట్టేది నెమ్ము. యాంటీబయోటిక్ ఇస్తారు, తగ్గదు. జ్వరం, దగ్గు, బరువు తగ్గడం మూడూ కలిస్తే మన దేశంలో టీబీ అనుమానం రావడం న్యాయమే. కళ్లె పరీక్షలో ఏమీ తేలకపోయినా కొన్నిసార్లు టీబీ మందులు మొదలవుతాయి. ఎలాగూ గుండె జబ్బు మనిషి కాబట్టి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని నీటి బిళ్ల పెంచడం మూడో దారి. ఈ మూడు దారుల్లో తిరుగుతున్నంత కాలం ఆయన రోజూ పొద్దున్నే అమియోడరోన్ వేసుకుంటూనే ఉంటాడు. అసలు ప్రమాదం అదే.

ఆ మూడు జబ్బులూ నిజంగానే ఉండొచ్చు. అమియోడరోన్ వాడే మనిషికి నెమ్ము రాదని కాదు, టీబీ రాదని అంతకన్నా కాదు. పరీక్షలు చేయించాల్సిందే. కానీ డాక్టరు ముందు కూర్చోగానే మొదటి మాటగా మందు పేరు చెబితే ఆయన ఆలోచనలో నాలుగో కారణం కూడా చేరుతుంది. పక్కనున్న కోడలు ఇలా చెబితే చాలు: “డాక్టరుగారూ, మా మామయ్యగారు గుండె దడకు అమియోడరోన్ 200 వాడుతున్నారండి, సంక్రాంతి ముందు నుంచి. ఈ దగ్గు నెల రోజుల నుంచే. దాని వల్ల కావచ్చా అని ఒకసారి చూడండి.” ఇందులో డాక్టరును తప్పుపట్టింది ఏమీ లేదు. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన కాలం, దగ్గు వయసు అన్నీ ఆ నాలుగు మాటల్లో వచ్చేశాయి. పెద్ద డాక్టరు ముందు నోరు పెగలని మనుషులు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. అలాంటివారు ఇదే కాగితం మీద రాసి ఇచ్చినా సరిపోతుంది.

ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. రోజుకు 400 మిల్లీగ్రాములకు మించి వాడేవారికి, వాడకం రెండు నెలలు దాటినవారికి, అరవై పైబడినవారికి ఎక్కువ. ఊపిరితిత్తులు ముందే చెడినవారికి ఎక్కువ. ఇక్కడే డెల్టా బతుకు లెక్కలోకి వస్తుంది. గుడివాడ చుట్టుపక్కల రైసుమిల్లుల్లో ఊక దుమ్ము మధ్య పనిచేసినవాళ్లు, కట్టెల పొయ్యి ముందు వంట చేసిన ఆడవాళ్లు, దశాబ్దాలుగా చుట్టలూ బీడీలూ కాల్చినవాళ్లు, ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్లు తమ ఊపిరితిత్తుల్లో కొంత ఇప్పటికే పోగొట్టుకుని ఉంటారు. వాళ్లకు కొత్త దెబ్బను ఓర్చుకునే శక్తి తక్కువ. ఈ చరిత్ర గుండె డాక్టరు అడక్కపోయినా చెప్పాలి. గుండె కోసం వెళ్లినప్పుడు ఊపిరితిత్తుల సంగతి ఎందుకనుకోకూడదు.

మోతాదు దగ్గర జరిగే పొరపాటు ఒకటి విడిగా చెప్పుకోవాలి. అమియోడరోన్ ఒంట్లో నిండడానికి సమయం పడుతుంది కాబట్టి మొదట్లో ఎక్కువ ఇచ్చి తర్వాత తగ్గిస్తారు. చాలాచోట్ల పద్ధతి: మొదటి వారం రోజుకు మూడు బిళ్లలు, రెండో వారం రెండు, ఆ తర్వాత ఒకటి. కొందరికి ఇంకా తగ్గించి వారానికి ఐదు రోజులే రాస్తారు. ఇదంతా మొదటి చీటీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రోగి ఆ చీటీనే నెలనెలా షాపులో చూపిస్తాడు. షాపతను మొదటి వరుస చూసి మూడు పూటలకూ ఇచ్చేస్తే, వారం రోజుల మోతాదు ఆరు నెలలు నడిచిపోతుంది. ఇది చట్టప్రకారం చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు. చీటీ ఉన్నా, దానికి తేదీ దాటిపోయిందా అని చూసుకోవాల్సింది ఇంటివాళ్లే.

ఈ మందు ఆపాల్సిన తేదీ ఉన్నవాళ్లు కూడా ఉన్నారు, ముఖ్యంగా గుండె బైపాస్ ఆపరేషన్ అయినవాళ్లు. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన సినీ నటుడు అక్కినేని నాగేశ్వరరావు 1974లో గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన ఇంకో నలభై ఏళ్లు, 2014 దాకా జీవించారు. ఇవాళ గుండె బైపాస్ విజయవాడలోనే మామూలు సంగతి. బైపాస్ అయిన ప్రతి పదిమందిలో ముగ్గురికి ఆపరేషన్ జరిగిన కొద్దిరోజుల్లో గుండె లయ తప్పుతుంది. అలాంటివారికి తరచూ అమియోడరోన్ ఇచ్చి ఇంటికి పంపుతారు. చాలామందికి అది కొన్ని వారాలకు, మహా అయితే రెండు మూడు నెలలకు ఉద్దేశించిన మందు. లయ కుదుటపడ్డాక ఆపేయొచ్చు. కానీ మళ్లీ చూపించుకోవడానికి వెళ్లకపోతే ఆపమని చెప్పేవాళ్లుండరు. గుండె ఆపరేషన్ అయి, మంచిగా తిరుగుతూ, ఏళ్ల తరబడి ఈ బిళ్ల వేసుకుంటున్నవారు ఒక్కసారి వెళ్లి “ఇది ఇంకా అవసరమా, మోతాదు తగ్గించొచ్చా” అని అడగడం వాళ్ల హక్కు. ఆ ప్రశ్న ఏడాదికోసారైనా అడగాలి.

అయితే సొంతంగా ఆపడం మాత్రం వద్దు. ఈ హెచ్చరిక పైవాటన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది. కొందరికి ఈ మందు గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన లయను ఆపుతోంది. ఆ లయ తిరిగి వస్తే మనిషి నిమిషాల్లో పోవచ్చు. ఈ పేజీలు చదివి భయపడి బిళ్ల మానేయడం ఊపిరితిత్తుల జబ్బు కన్నా పెద్ద అపాయం. కొత్త పొడి దగ్గు, ఆయాసం కనిపిస్తే ఆ వారంలోనే మందు రాసిన డాక్టరుకు చెప్పాలి, కనీసం ఫోనులో. ఆయన అందకపోతే దగ్గర్లోని ఫిజిషియన్‌కు. స్పృహ తప్పినా, కూర్చున్నచోటే ఊపిరాడకపోయినా 108కి ఫోన్ చేయాలి, వారం ఆగకూడదు.

పరీక్షల్లో అన్నిటికంటే విలువైనది మందు మొదలుపెట్టేటప్పుడు తీసిన ఛాతీ ఎక్స్‌రే. అప్పటి ఫిల్ము ఉంటేనే ఇప్పటి ఫిల్ములో ఏది కొత్తదో తెలుస్తుంది. తర్వాత ఏడాదికోసారి తీయించాలి. బందరు ప్రభుత్వాసుపత్రిలోనే అయిపోయే పని. వీలైతే మొదట్లోనే ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష కూడా చేయించుకోవాలి. అందులో డీఎల్‌సీవో అనే భాగం ఉంటుంది, అది పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు. గాలిలోని వాయువు రక్తంలోకి ఎంత సులువుగా దాటుతోందో అది కొలుస్తుంది. ఆ అంకె మొదటిసారి కంటే 15, 20 శాతం పడిపోతే అనుమానించాలి. అనుమానం బలపడితే హెచ్‌ఆర్‌సీటీ స్కానింగ్ తీస్తారు. అమియోడరోన్ బరువులో మూడో వంతుకు పైగా అయోడిన్ ఉంటుంది. అయోడిన్ స్కానింగులో తెల్లగా మెరుస్తుంది. అందువల్ల మందు పేరుకున్న ఊపిరితిత్తి, కాలేయం మామూలుకన్నా తెల్లగా కనిపించి అనుభవమున్న రేడియాలజిస్టుకు జాడ చెబుతాయి.

కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు చాలా ఇళ్లలో మూలన పడి ఉంది. దాన్ని బయటికి తీయొచ్చు. కూర్చుని ఒకసారి, వాకిట్లో ఆరు నిమిషాలు నడిచి ఒకసారి చూసి, తేదీ వేసి రాసుకోవాలి. నడిచాక అంకె నాలుగు మెట్లు పడి, గతంలో అలా పడి ఉండకపోతే డాక్టరుకు చూపించాలి. గుండె లయ గజిబిజిగా ఉన్నప్పుడు, వేళ్లు చల్లబడినప్పుడు ఆ పరికరం తప్పు చూపిస్తుంది కాబట్టి ఒక్క అంకెతో హడావుడి పడక్కర్లేదు, రెండు మూడు రోజులు చూడాలి.

జబ్బు ఇదేనని తేలితే డాక్టరు అమియోడరోన్ ఆపి గుండెకు వేరే ఏర్పాటు చేస్తారు. అది వేరే మందు కావచ్చు, తీగలతో చేసే అబ్లేషన్ కావచ్చు, ఛాతీలో అమర్చే పరికరం కావచ్చు. వాపు ఎక్కువగా ఉంటే ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు ఇస్తారు. ఇవి నెలల తరబడి, మెల్లగా తగ్గిస్తూ వాడాల్సినవి. వారంలో దగ్గు తగ్గిందని మానేస్తే ఒంట్లో ఇంకా ఉన్న అమియోడరోన్ మళ్లీ జబ్బును లేపుతుంది. షుగరు ఉన్నవారికి స్టెరాయిడ్లతో అది పెరుగుతుంది కాబట్టి రోజూ చూసుకోవాలి.

ఆపరేషన్ ఏదైనా చేయించుకోవాల్సి వస్తే మత్తు డాక్టరుకు ఈ మందు సంగతి ముందే తెలియాలి. అమియోడరోన్ వాడేవారిలో పెద్ద ఆపరేషన్ల తర్వాత ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతిన్న సందర్భాలున్నాయి. ఎక్కువ ఆక్సిజన్ ఇవ్వడం దానికి ఒక కారణం కావచ్చని వైద్యుల అనుమానం.

మిగతా అవయవాల గురించి క్లుప్తంగా. ఈ మందులోని అయోడిన్ వల్ల థైరాయిడ్ పెరగొచ్చు, తగ్గొచ్చు. ఆరు నెలలకోసారి థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేయించాలి. చూపు మసకబారితే కంటి డాక్టరుకు చూపించాలి. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. ఏళ్ల తరబడి వాడితే ముఖం నీలి బూడిద రంగులోకి తిరగొచ్చు. చేలల్లో, రొయ్యల చెరువుల మీద, గిలకలదిండి రేవులో పడవల మీద రోజంతా ఎండలో ఉండేవాళ్లు పొడుగు చేతుల చొక్కా, తలపాగా వదలకూడదు. ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులతో కలిస్తే వాటి బలం బాగా పెరుగుతుంది, పీటీ ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ కావాలి. గ్రేప్‌ఫ్రూట్ రసం ఈ మందు మోతాదును రక్తంలో పెంచుతుంది. మన పెరళ్లలో కాసే పంపర పనస దానికి దగ్గరి చుట్టం కాబట్టి డాక్టరును అడగకుండా తినకపోవడం మేలు.

కాగితాల విషయానికొస్తే, ఎక్స్‌రే ఫిల్ములు బీరువా వెనక నిలబెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద నీరు దిగినప్పుడు దివిసీమ లంక గ్రామాలు మునిగాయి. అలాంటి చోట ఫిల్ము మీద ఆధారపడలేం. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని ఫోనుతో ఫొటో తీసి, ఊళ్లో లేని కొడుక్కో కూతురికో కూడా పంపి ఉంచాలి. మందుల చీటీ మొదటి పేజీ, డిశ్చార్జి కాగితం, ఎకో రిపోర్టు కూడా అలాగే. షాపులో షీటు కోయించుకున్నా పేరున్న ముక్కనే అడిగి తీసుకోవాలి. లేదంటే షీటు కోయకముందే అక్కడే నిలబడి దాన్ని కూడా ఫొటో తీసుకోవచ్చు.

మందు వల్ల హాని జరిగిందని డాక్టరు నిర్ధారించినా, అనుమానించినా ఆ సంగతి ఆ ఇంటి గోడల మధ్యే ఉండిపోకూడదు. మన దేశంలో 2010 నుంచి ఔషధ నిఘా కార్యక్రమం నడుస్తోంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది. డాక్టర్లే కాదు, రోగులూ వాళ్ల ఇంటివాళ్లూ 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. రుజువు చూపించక్కర్లేదు, అనుమానం చాలు. ఫోన్ చేసేటప్పుడు మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, దగ్గు మొదలైన తేదీ, షీటు మీది బ్యాచ్ నంబరు దగ్గర పెట్టుకుంటే పని తొందరగా అవుతుంది.